నడుమ మాయమైన క్షణాలు

వసీం జేబులోంచి మెమరీ కార్డు తీసి టీపాయ్ మీద పెట్టిన దగ్గర కిందటి వారం ఆగాం.

చర్ల అవతల అడవి వాగులో జానపద పాట షూటింగు చేస్తూ వాసు కొట్టుకుపోయి నెల దాటింది. శవం దొరకలేదు. చివరికి ఫొటోకు దండ వేసి దినం చేశారు. ఆ పాటకు కెమెరామన్ వసీం, వాసుకు చిన్ననాటి స్నేహితుడు. ఆ సమయానికి కెమెరా బంద్ చేసి ఉందని పోలీసులకూ చెప్పాడు, వాసు ఇంటివాళ్లకూ చెప్పాడు. కానీ స్టాండు మీదున్న కెమెరాలో ఎర్రలైటు వెలుగుతూనే ఉందని, వాసు పక్కన ఆడిన సరళ హర్షితతో అనేసింది. హర్షిత వాసు చెల్లెలు. ఆమె నిలదీసేసరికి వసీం కాదనలేకపోయాడు. ఆదివారం మధ్యాహ్నం మణుగూరు కాలనీలోని వాళ్ల క్వార్టర్‌కు కార్డు పట్టుకుని తనే వచ్చాడు.

దాన్ని చూసి మొదట నోరు విప్పినవాడు చందర్. వాసు తల్లి నాంచారమ్మకు తమ్ముడు, హర్షితకు మేనమామ. వాసు పోయిన కొత్తలో మనుషులను వెంటేసుకుపోయి వసీం స్టూడియో అద్దాలూ లాప్‌టాప్ పగలగొట్టింది అతనే.

"నెల రోజులు దాసుకున్నవ్. ఇప్పుడు కోసేటివి కోసి, తుడిచేటివి తుడిచి తెచ్చినవారా?"

"ఏం కొయ్యలే. చూడను కూడా చూడలే," అన్నాడు వసీం. నిలబడే ఉన్నాడు. ఈ ఇంట్లో ఇన్నేళ్లలో అతన్ని కూర్చోమని ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇవాళ ఎవరూ చెప్పలేదు.

"చూడలేదట! ఎవల చెవుల పూలు పెడ్తున్నవ్?"

"చూసే ధైర్యం లేదన్నా."

"నన్ను అన్నా అనకు."

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న వాసు తండ్రి పిచ్చయ్య ఇంతవరకు మాట్లాడలేదు. బొగ్గు గనిలో ఎన్నో ఏళ్లు పని చేసి, ఊపిరితిత్తులు పాడై మెడికల్ అన్‌ఫిట్ అయిన మనిషి. మాట్లాడితే ఆయాసం వస్తుంది. అందుకని ఒక్కో మాటా కూడబెట్టుకున్నట్టు అంటాడు.

"పెట్టు బిడ్డా," అన్నాడు కూతురితో. "ఏమున్నదో చూద్దాం."

"కాకా, ఒక్క మాట," అన్నాడు వసీం. "ఇది పెద్ద ఫైలు. ఫోర్ కె. సినిమాలకు తీసినట్టు తీసిన. ఈ కంప్యూటర్ పాతది, దీంట్ల ఆడదు. భద్రాచలంల నా దోస్తు దగ్గర మంచి సిస్టం ఉన్నది. అందరం ఆడికి పోదాం."

"ఆడదా? ఆడనియ్యవా?" అన్నాడు చందర్.

"నా కొడుకు చావు బజార్ల ఆడొద్దు," అన్నాడు పిచ్చయ్య. "ఈ ఇంట్లనే చూడాలె. ఇప్పుడే చూడాలె."

హర్షిత కార్డును రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కు గుచ్చింది. ఇంటర్ చదివే రోజుల్లో ఆమె కోసం కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్ అది. ఆన్ చేస్తే సీపీయూ డబ్బా లోపల ఫ్యాను రొదకు టేబుల్ సన్నగా వణుకుతుంది. వసీం రెండడుగులు ముందుకు వేశాడు.

"ఆడనే నిలబడు," అన్నాడు చందర్. "మౌస్ మీద నీ చెయ్యి పడిందంటే ఇరుగుద్ది."

ఫైలు మీద హర్షిత రెండుసార్లు నొక్కింది. నల్లటి పెట్టె ఒకటి తెరుచుకుని, ఈ ఫైలును ప్లే చేయడం కుదరదని ఇంగ్లీషులో ఒక వాక్యం చూపించి ఊరుకుంది. మళ్లీ నొక్కింది. అదే వాక్యం. కార్డును తన ఫోనుకు తగిలించి చూసింది. ఫోనూ ఈ రకం ఫైలు తన వల్ల కాదంది.

"చూసినవా బావా?" చందర్ పిచ్చయ్య వైపు తిరిగాడు. "ఖరాబ్ చేసి తెచ్చిండు. నేను ముందే అనుకున్న."

"ఖరాబ్ కాలే," అన్నాడు వసీం. "దీన్ని చదివే కోడెక్ కంప్యూటర్ల లేదు, గంతే. హర్షితా, వీఎల్‌సీ ఏసుకో. దాంట్ల తెరుచుకుంటది."

హర్షిత అతని వైపు చూడలేదు. అయినా అతను చెప్పిందే చేసింది. తన ఫోను హాట్‌స్పాట్ కలిపి వీఎల్‌సీ దించుకుంది. అది దిగేలోపు నాంచారమ్మ వంటింట్లోంచి నీళ్లు తెచ్చింది. భర్తకిచ్చింది, తమ్ముడికిచ్చింది, కూతురి పక్కన ఒక గ్లాసు పెట్టింది. వసీం ముందు నుంచే వెళ్లి గడప దగ్గర కూర్చుంది. అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అడగలేదు.

ఈసారి ఫైలు తెరుచుకుంది.

మొదట వాగు కనబడింది. వానాకాలపు ఎర్రనీళ్లు, అవతలి ఒడ్డున చిక్కటి చెట్లు, ఇవతల బండరాళ్లు. మోకాటిలోతు నీళ్లలో వాసు. పసుపు చొక్కా, నడుముకు ఎర్ర తువ్వాల. చెయ్యి పైకి లేపి ఉన్నాడు. ఆ చెయ్యి అలాగే గాలిలో నిలిచిపోయింది.

"వాసూ..." అంది నాంచారమ్మ. నెల తర్వాత కొడుకు కనబడ్డాడు. కానీ కదలడం లేదు.

బొమ్మ స్టక్ అయింది. స్పీకర్లోంచి డప్పు ఒక దెబ్బ వినిపించి ఆగింది. మళ్లీ ఒక దెబ్బ. తెరంతా బూడిదరంగు గళ్లు పరుచుకుని, వాసు ముఖం మీదుగా నీళ్లూ, నీళ్ల మీదుగా చెట్లూ కలగలిసి జారిపోయాయి. ఒక్కసారి గుంజుకుని బొమ్మ ముందుకు దూకింది. ఇప్పుడు వాసు నడుములోతులో ఉన్నాడు. వెనక నుంచి వసీం నీళ్లలోకి దిగుతున్నాడు. మళ్లీ ఆగింది. నీటి హోరులోంచి ఒక గొంతు ముక్కలు ముక్కలుగా పలికింది. అది వసీం గొంతని అందరికీ తెలుసు.

"వాసూ... లోపలికి పో..."

అంతే. మిగతాది తెగిపోయింది. వసీం కుడిచెయ్యి వాసు రొమ్ము మీద ఉంది. ఆ బొమ్మ గట్టిగా బిగుసుకుని తెర మీద నిలబడిపోయింది. అందరూ చూశారు. తర్వాత గళ్లు, గీతలు. ఆ తర్వాత నీళ్లు. నీళ్లలో వసీం ఒక్కడే ఉన్నాడు. వాసు లేడు.

చందర్ లేచిన చప్పుడు మాత్రమే హర్షితకు వినిపించింది. తిరిగి చూసేసరికి వసీం గోడకు ఒరిగి ఉన్నాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది. చందర్ అతని మెడ పట్టుకుని ఉన్నాడు.

"లోపలికి పో అన్నవ్. పోతలేడని నూకినవ్. నీ షాట్ కోసం మా పిలగాన్ని నీళ్లల్ల నూకినవ్ గదరా!"

"నూకలే... నేను నూకలే..."

"కండ్లతో చూసినం రా!"

పిచ్చయ్య కుర్చీలోంచి లేవబోయి కూలబడ్డాడు. ఆయాసంతో ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. "ఇడువకు చందర్," అన్నాడు. "వాన్ని ఇడువకు."

హర్షిత మాత్రం తెర వైపే చూస్తోంది. బొమ్మ కింద సెకన్లు చూపించే అంకె ఉంది. చెయ్యి రొమ్ము మీద ఉన్నప్పుడు ఆ అంకె ఒకటి. వాసు లేని నీళ్లు కనబడినప్పుడు అది ఇంకొకటి. రెండింటికీ నడుమ చాలా దూరం ఉంది.

"మామా, ఆగు," అంది. "నడుమల బొమ్మ పోయింది. చెయ్యి పెట్టింది చూసినం. అన్న లేనిది చూసినం. నడుమ ఏం జరిగిందో మనకు కనవడలే."

"ఇంకేం కనవడాలె నీకు?"

"అంతా కనవడాలె," అంది నాంచారమ్మ గడప దగ్గర నుంచి. ఆమె గొంతు పెద్దదేం కాదు. కానీ చందర్ చెయ్యి సడలింది. "నా కొడుకు ఎట్ల పోయిండో మొత్తం సూడాలె. సూసినాక వీన్ని మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యుండ్రి."

వసీం గోడ పట్టుకుని నిలబడ్డాడు. రక్తాన్ని మోచేత్తో తుడుచుకున్నాడు. "హర్షితా, కార్డుల నుంచి డైరెక్టుగ ఆడిస్తే అందదు. రీడర్ స్లో ఉంటది. ముందు ఫైలు హార్డ్ డిస్క్‌లకు కాపీ చెయ్యి."

"నీ సలహాలు ఎవలడిగిండ్రు?" అన్నాడు చందర్.

"నేను అడుగుతున్న," అంది హర్షిత. అలా అన్నంత మాత్రాన ఆమె గొంతులో జాలి లేదు. "నువ్వు చెప్పు. చేసేది నేను. కానీ ఒక్కటి యాదిపెట్టుకో. నూకింది నిజమని తేలితే నిన్ను స్టేషన్‌కు గుంజుకపోయేది మామ కాదు, నేను."

"మంచిది," అన్నాడు వసీం.

కాపీ చేయబోతే డిస్క్‌లో జాగా లేదంది. హర్షిత డ్రైవ్‌లు తెరిచి చూసింది. 'వాసు డ్యాన్స్' అని పేరున్న ఫోల్డర్ ఒకటి కనబడింది. ఇదే గదిలో, టీపాయ్ పక్కకు జరిపి, అన్న చేసుకున్న ప్రాక్టీసు వీడియోలు.

"గవి తీసెయ్. జాగా అయితది," అన్నాడు వెనక నుంచి చందర్. "ఆ దుంకుడే వాన్ని మింగింది."

హర్షిత వాటి జోలికి పోలేదు. గ్రూప్స్ పరీక్షకని ఏడాదిగా దాచుకున్న తన కోచింగ్ వీడియోలన్నీ ఎంచి తీసేసింది. కాపీ మొదలైంది. పచ్చగీత నత్తలా పాకింది.

కాపీ పూర్తయ్యాక మళ్లీ నొక్కింది. ఈసారి డప్పు తెగకుండా మోగింది. మాట మొత్తం వచ్చింది. బొమ్మ మాత్రం ఇంకా ఆగి ఆగి, గళ్లు గళ్లుగా సాగుతోంది. అందరూ చెవులు రిక్కించారు. నీటి హోరు, ఆ హోరు మీద వసీం అరుపు.

"వాసూ! లోపలికి పోకు! పోకురా, గుంజుతది!"

పోకు. ఇందాక చివరి అక్షరం వినబడలేదు. దాని కోసమే ఒకడి పెదవి చిట్లింది.

హర్షిత వెనక్కి తిరిగి మేనమామను చూసింది. చందర్ చూపు తప్పించలేదు.

"నోటితోని పోకు అనుకుంట చేత్తోని నూకరాదా? మైకుల పడుతదని తెల్వదా వీనికి? చెయ్యి రొమ్ము మీద ఉన్నదా లేదా? అది చెప్పు."

ఉంది. బొమ్మలో చెయ్యి రొమ్ము మీదే ఉంది. ఈసారి కూడా అక్కడికి రాగానే తెర బిగుసుకుపోయింది. ఆ తర్వాత ఖాళీ నీళ్లు.

వసీం చెబుతుంటే హర్షిత చేస్తూ పోయింది. వెనక నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేసింది. సెట్టింగుల్లోకి వెళ్లి, వీడియో బరువును గ్రాఫిక్స్ మీద వేసే మీట ఆన్ చేసింది. బొమ్మ బాగుపడకపోగా తెరంతా పచ్చగా అయిపోయింది. ఆ మీట తీసేసింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ అంకె నూరు దగ్గర అంటుకుని కూర్చుంది. కంప్యూటర్ తన శక్తంతా పెట్టి లాగుతోంది. ఆ ఫైలు దాని వల్ల కావడం లేదు.

"ఇంక ఒకటే దారి," అన్నాడు వసీం. "కన్వర్ట్ చెయ్యాలె. సైజు తగ్గించి ఇంకో ఫైలు చేసుకుంటే ఇది గూడ ఆడిస్తది. టైం పడుతది గని ఆగకుంట వస్తది."

"కన్వర్ట్ అంటే మార్చుడే గదా!" చందర్ అందుకున్నాడు. "బావా, ఇంటున్నవా? ఇప్పుడు మన ఇంట్లనే, మన కంప్యూటర్లనే, మన పిల్లతోటే మార్పిస్తడట!"

"పొడుగు మారదు మామా. ఒక్క సెకను పోదు. బొమ్మ చిన్నగైతది, గంతే. అసలు ఫైలు గట్లనే ఉంటది. రెండు పక్కపక్కన పెట్టి చూసుకో." అని హర్షిత అతని మాట కోసం ఆగకుండా కన్వర్టర్ తెరిచి మొదలుపెట్టింది.

శాతం అంకె కదలడం మొదలైంది. పది నిమిషాల పని కాదు. కిటికీలోంచి వచ్చే ఎండ గచ్చు మీద మెల్లగా జరిగింది. వీధిలో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ, అరుస్తూ పోయారు. ఫ్యాను రొద పెరిగి గది వేడెక్కింది. అయినా ఎవరూ కదల్లేదు.

పిచ్చయ్య వసీం వైపు తిరిగాడు. ఊపిరి కొంచెం కుదుటపడింది. అందుకే మాటలు ఇంకా చేదుగా వచ్చాయి.

"నా నౌకరి వాని కోసం ఇడిసిన. నీకు ఎరికే గదా?"

"ఎరికే కాకా."

"కారుణ్య నియామకం కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిన, ఎందరి కాళ్లు పట్టుకున్న... ఆర్డరొచ్చింది. సోమవారం డ్యూటీల చేరాలె. శుక్రవారం నువ్వొచ్చి పాట అని తీసుకపోయినవ్. నువ్వు రాకపోతే నా కొడుకు ఇయ్యాల గనిల దిగి, టోపీ లైటు పెట్టుకుని, మొగోని లెక్క నెల జీతం తెచ్చెటోడు. నీ కెమెరా నా ఇంటికి పట్టిన శని."

"నేను పిలువలే కాకా," అన్నాడు వసీం మెల్లగా. "ఆ వాగు, ఆ రోజు, రెండూ వాసే అన్నడు. వానలు తగ్గినాక పోదామన్న. ఇన్లే."

"సచ్చినోని మీద ఏస్తున్నవా?" చందర్ మళ్లీ లేచాడు.

"ఎయ్యట్లేదు! నా బాధ నీకేం తెలుసు?" మొదటిసారి వసీం గొంతు లేచింది. "కెమెరా బంద్ ఉందని ఎందుకన్ననో తెలుసా? నాకు తెల్వదు కాబట్టి! నేను పట్టుకున్ననా, గుంజిననా, భయానికి నెట్టిననా... నాకు యాదికి లేదు. నా చేతుల నుంచి వాడు జారింది ఒక్కటే యాదికున్నది. కండ్లు మూస్తే అదే. దీంట్ల నేనే చంపినట్టు కనవడితే? అందుకే చూడలే. అందుకే అబద్ధం చెప్పిన. ఇప్పుడు మీ ముందట నిలబడ్డ. ఏం కనవడుతదో మీకు ఎంత తెలుసో నాకూ గంతే తెలుసు."

అందరూ తెర మీది పచ్చగీత వైపు తిరిగారు. అతని మాట నమ్మినందువల్ల కాదు. నమ్మాలో వద్దో తేల్చేది ఇక ఆ గీతే కనుక.

గీత చివరికి చేరింది. హర్షిత కొత్త ఫైలు తెరిచింది.

డప్పు మోగింది. వాసు ఆడాడు. ఎక్కడా ఆగలేదు. చెయ్యి లేచి, తిరిగి, నడుము దగ్గరికి వచ్చి, నీళ్లు చిమ్మాయి. నాంచారమ్మ గడప దగ్గర నుంచి లేచి వచ్చి కూతురి కుర్చీ పట్టుకుని నిలబడింది. సరళ షాటు ముగిసి ఆమె ఇవతలి ఒడ్డుకు వెళ్లిపోయింది. వాసు ఒక్కడే వాగు నడుమకు నడిచాడు. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. పాట అయిపోయింది. అతను ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

వసీం నీళ్లలోకి దూకినంత పని చేసి పరుగెత్తాడు. "లోపలికి పోకు! పోకురా, గుంజుతది!" చేరుకున్నాడు. చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వాసు రొమ్ము మీద పడింది.

ఇందాక రెండుసార్లు బొమ్మ బిగుసుకున్న చోటు అదే. ఈసారి బిగుసుకోలేదు.

రొమ్ము మీద పడ్డ చెయ్యి చొక్కాను పట్టుకుంది. గుప్పెడు గుడ్డ గుంజి, తన వైపుకు లాగుతోంది. వసీం మొత్తం ఒళ్లు వెనక్కి వంచి లాగుతున్నాడు. వాసు అతని మణికట్టు పట్టుకున్నాడు. ఏదో అన్నాడు. నీటి హోరులో అది వినబడలేదు. వసీం తల అడ్డంగా ఊపాడు. వాసు ఒక్కొక్క వేలే విడిపించుకున్నాడు. చొక్కా గుండీలు తెగాయి. ఆ గుంజులాటకు వసీం కాలు జారి నీళ్లలో మునిగాడు. అతను లేచేలోపు వాసు వెనక్కి ఒరిగి, ప్రవాహంలోకి ఒళ్లు వదిలేశాడు.

పడలేదు. వదిలేశాడు. చూసినవాళ్లెవరికీ అందులో అనుమానం మిగల్లేదు.

వసీం నేల మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు. చందర్ అతని వైపు చూడలేదు. తెరలో, ఒడ్డెక్కిన వసీం వాసును పేరు పెట్టి పిలుస్తూ వాగు వెంబడి కిందికి పరుగెత్తి బొమ్మలోంచి వెళ్లిపోయాడు. స్టాండు మీది కెమెరా అలాగే ఉంది. నీళ్లు, బండలు, చెట్లు.

"అయిపోయింది. బంద్ చెయ్," అన్నాడు చందర్.

హర్షిత చెయ్యి మౌస్ మీద ఉంది. కానీ ఆమె నొక్కలేదు. తెర పైమూల, అవతలి ఒడ్డున, నీళ్లలోకి వంగిన చెట్టు వేర్ల దగ్గర ఏదో కదిలింది. పసుపు రంగు.

"అది ఏంది?" అంది నాంచారమ్మ.

చిన్న ఫైలులో అది వేలిగోరంత కూడా లేదు. హర్షిత ఆ క్షణాన్ని గుర్తుపెట్టుకుని, అసలు ఫైలు తెరిచి, సరిగ్గా అక్కడికి జరిపి ఆపేసింది. ఆడించలేని కంప్యూటరే అయినా, ఆగిన ఒక్క బొమ్మను చూపించడానికి దానికి ఇబ్బంది లేకపోయింది. పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. అంత దూరాన్నుంచి తీసినా ఆకుల ఈనెలు కూడా కనబడుతున్నాయి. వాటి నడుమ తడిసిన తల, గుండీలు తెగిన చొక్కా. వేర్లు పట్టుకుని గట్టెక్కుతున్న మనిషి.

వాసు.

నాంచారమ్మ ముందుకు వంగింది. వేళ్లతో తెరను తడిమింది. కొడుకు చెంప మీద చెయ్యి వేసినట్టే వేసింది.

హర్షిత కొంచెం కొంచెంగా ముందుకు జరిపింది. వాసు గట్టెక్కాడు. పొద వెనక చెయ్యి పెట్టి భుజానికి తగిలించుకునే సంచి ఒకటి బయటికి లాగాడు. ముందే తెచ్చి పెట్టుకున్న సంచి. వసీం అరుస్తున్న దిక్కుకు తల తిప్పి చూశాడు. ఆ బొమ్మ దగ్గర హర్షిత ఆగింది. అన్న ముఖం స్పష్టంగా ఉంది. ఏడుస్తున్నాడు. అయినా తర్వాతి బొమ్మలో అతని వీపు కనబడింది. ఆ తర్వాతి దాంట్లో చెట్లే ఉన్నాయి.

"బతికిండు," అంది నాంచారమ్మ. "నా కొడుకు బతికే ఉన్నడు!" ఆమె భర్త వైపు తిరిగింది. ఆ ముఖంలో సంతోషం చూద్దామని తిరిగింది.

పిచ్చయ్య కుర్చీలోంచి లేచి వచ్చి వాళ్ల వెనకే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఎవరూ గమనించలేదు. కళ్లు తెర మీదే ఉన్నాయి.

"నా నౌకరి వద్దని పోయిండు," అన్నాడు. "నన్ను వద్దని పోయిండు."

వంగి రీడర్‌లోంచి కార్డు లాగాడు. బొగ్గు పెళ్లలు మోసిన వేళ్లు. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క ఆ వేళ్ల మధ్య చిటుక్కున విరిగింది.

"కాకా!" వసీం లేచి నిలబడ్డాడు. "అది నా సాక్ష్యం కాకా! నా మీద కేసు పెడ్తమన్నరు..."

"పెడ్తం," అన్నాడు పిచ్చయ్య. "నా కొడుకు వాగుల పోయిండు. దినం చేసిన. అదే నిజం. హర్షితా, కంప్యూటర్ల ఉన్న రెండూ తీసెయ్."

"తియ్య నాన్నా."

"తీసెయ్ అంటున్న!"

"తియ్య." హర్షిత మౌస్ వదిలి, కుర్చీ తిప్పి, కంప్యూటర్‌కు వీపు ఆనించి కూర్చుంది. అక్కడి నుంచి లేవలేదు.

వసీం తలుపు వైపు కదిలాడు. చందర్ అతనికంటే ముందే అక్కడికి చేరి గడియ పెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఇందాక అతని కళ్లలో ఉన్న కోపం ఇప్పుడు లేదు. దాని స్థానంలో ఉన్నది అంతకంటే చెడ్డదిగా కనిపించింది.

"కాలనీ అంతటికి దినం బువ్వ పెట్టినం. యూనియనోళ్లొచ్చి దండలేసిండ్రు. ఇప్పుడు మా పిలగాడు దొంగ లెక్క పారిపోయిండని చెప్పుకోవాల్నా? ఇన్నవా వసీం, ఈ మాట గడప దాటిందంటే నువ్వు దాటవు."

"తలుపు తియ్యి చందర్."

అంది నాంచారమ్మ. ఎప్పుడు వెళ్లిందో లోపలికి వెళ్లి, చెంగు నడుముకు చెక్కుకుని, చేతిలో ఒక బట్టల సంచితో వచ్చింది. తమ్ముణ్ణి కాదు, వసీంను చూస్తోంది.

"ఆ ఒడ్డు ఎటు పోతది?" అని అడిగింది.

"ఏంది అమ్మా?"

"వాడు ఎక్కిన ఒడ్డు. అటెంక ఏమున్నది?"

వసీం ఒక్క క్షణం పిచ్చయ్య వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. "అంతా అడవి అమ్మా. రెండు మూడు గుంపులుంటయ్, గుత్తికోయల గూడేలు. అవి దాటితే ఛత్తీస్‌గఢ్."

"నాకు దారి సూపిస్తవా?"

"నాంచారీ!" పిచ్చయ్య గొంతు ఆయాసంలో చీలిపోయింది. "ఆ గడప దాటితే మల్ల ఈ ఇంటికి రాకు. చెప్తున్న."

ఆమె అతని వైపు తిరగలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపింది. చందర్ జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికే తెలియదు. నాంచారమ్మ గడియ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మీద పిచ్చయ్య చెయ్యి వచ్చి పడి, ఇనుముతో సహా బిగించి పట్టుకుంది.